ఆపమనడానికి లైసెన్సు అక్కర్లేదు

మట్టి చల్లగా ఉండాలి గానీ, ఒంటికి తగలగానే మనిషి ఎగిరిపడేంత చల్లగా ఉండకూడదు. చిన్న డాక్టర్ జల్లించిన నల్లమట్టిని నీళ్ళతో మెత్తగా కలిపి, తడిగుడ్డ మీద అరచేత్తో మందంగా పరిచి, అంచులు మడిచి, బల్ల మీద బోర్లా పడుకున్న లేత్ మేస్త్రి నడుం మీద ఆనించింది. ఆయన ఎగిరిపడనే పడ్డాడు.

"లోకంలో అందరూ పక్కవాడి నోట్లో మట్టి కొడతారు డాక్టరమ్మా. మీరొక్కరే నడుం మీద కొడతారు. మీరే నయం."

"ఆ నోటికి కూడా ఓ పట్టీ వేద్దురూ, పుణ్యముంటుంది," అంది స్టూలు మీద కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతున్న ఆయన భార్య.

రోజంతా లేత్ మిషన్ ముందు వంగి నిలబడి ఇనుప కడ్డీలు చెక్కే మనిషి ఆయన. నడుం పట్టేసిందని మొన్ననే భార్యతో కలిసి ఈ ప్రకృతి చికిత్సాలయంలో చేరాడు. ఇక్కడ సూదులుండవు, మాత్రలుండవు. మట్టి, నీళ్ళు, ఆవిరి, పళ్ళముక్కలు, ఉపవాసం. చిన్న డాక్టర్ ఏళ్ళకేళ్ళు కూర్చుని పట్టా పుచ్చుకున్నది ఈ విద్యలోనే. నమ్మే చదివింది. పట్టేసిన నడుం మట్టికి ఎలా వదులవుతుందో ఆమె వేళ్ళకి తెలుసు. ఈ నడుం కూడా వదులవుతోంది.

"డాక్టరమ్మా, ఓ మాట," అంది భార్య, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని. "ఈయన ఫిట్స్ మాత్రలక్కూడా విశ్రాంతేనా? వాటికీ తప్పదా?"

మట్టి చేతులతో చిన్న డాక్టర్ అలాగే నిలబడిపోయింది.

విశ్రాంతి అనేది ఈ చికిత్సాలయం సొంత మాట. ఇక్కడ మాత్రలు ఆపరు, మాత్రలకు విశ్రాంతి ఇస్తారు. చేరిన రోజునే రోగి తెచ్చుకున్న మందులన్నీ, వాటి చీటీలతో సహా, ఓ గుడ్డసంచిలో వేసి మేనేజర్ గదిలో ఇనప బీరువాలో పెడతారు. వెళ్ళే రోజున తిరిగి ఇస్తారు. ఈ చోటుని స్థాపించిన పెద్దాయన పొద్దుటి ఉపన్యాసంలో తెల్లబట్టలు కట్టుకుని కూర్చుని నవ్వుతూ అంటాడు: "నేను మాత్రలు ఆపమనను. ఎన్నడూ అనలేదు. మీ ఇష్టం. ఒళ్ళు మీది, ఒంట్లో విషమూ మీదే." జనం నవ్వుతారు. నవ్విన నోటితోనే ఇంకో ఇద్దరు లేచి వెళ్ళి సంచులు అప్పగించేస్తారు. పెద్దాయన ఏ కాలేజీలో ఏం చదివాడో ఎవరికీ తెలీదు. అడిగిన పాపాన పోయినవాళ్ళూ లేరు.

సుగరు మాత్రల గురించి చిన్న డాక్టర్ ఇదివరకే గొడవపడింది. "చూద్దాం మేడమ్" అన్నాడు మేనేజర్. ఆ చూడటం ఇంకా అవుతూనే ఉంది. మేస్త్రి గురించి ఆమెకిచ్చిన కాగితంలో మాత్రం నడుంనొప్పి అని తప్ప ఇంకేమీ లేదు.

"మీకు ఫిట్స్ ఉన్నాయా?"

"ఉండేవి. మాత్ర పడ్డాక ఏళ్ళ నుంచీ రాలేదు," అన్నాడు మేస్త్రి. "రాలేదు గనకే కంపెనీవాళ్ళు మిషన్ ముట్టుకోనిస్తున్నారు. వస్తే తిరుగుతున్న ఇనుము దగ్గరికి ఎవడు రానిస్తాడు? అందుకే పూట తప్పకుండా మింగేవాణ్ణి."

"మరెందుకు ఆపారు?"

"ఆపలేదండీ," అంది భార్య బెదురుగా. "విశ్రాంతి అన్నారు."

చిన్న డాక్టర్ చేతులు కడుక్కుంది. ఒకసారి కడిగిన చేతుల్నే మళ్ళీ కడిగింది. తర్వాత మేనేజర్ గదికి నడిచింది.

మేనేజర్ బీరువాకి వీపు ఆనించి నిలబడి విన్నాడు.

"ఫిట్స్ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి. ఆగకుండా వస్తే ప్రాణమే పోతుంది. ఆ సంచి ఇవ్వండి."

"ఇస్తే మన చేత్తో ఇంగ్లీషు మందు ఇచ్చినట్టవుతుంది మేడమ్. బోర్డు చదవండి."

బోర్డు ఆయన తల మీదే వేలాడుతోంది. చట్టాన్ని అనుసరించి ఇక్కడ ఇంగ్లీషు మందులు రాయబడవు, ఇవ్వబడవు.

"ఆయన మందు ఆయనకివ్వడానికి చట్టమెందుకండీ అడ్డొస్తుంది?"

"మీరు వేసుకోమంటే మందు రాసినట్టే. నోటితో అన్నా రాసినట్టే. మీ పట్టా పోతుంది, మాకు తాళం పడుతుంది."

"మరి ఆపితే?"

"ఆపిందెవరు?" అన్నాడు మేనేజర్. నటన కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఆ మధ్యాహ్నమే తనిఖీ అధికారి వచ్చాడు. ప్రకృతి వైద్యులు తమవి కాని మందులు రాస్తున్నారేమో పట్టుకోవడం ఆయన ఉద్యోగం. గదులన్నీ తిరిగాడు, సొరుగులు లాగాడు, ఆవిరి పెట్టె మూత ఎత్తి లోపలికి తొంగిచూశాడు, చెత్తబుట్టని బూటుతో వంచాడు. మాత్ర రేకు ఒక్కటి దొరకలేదు. మేనేజర్ గదిలో బీరువా పక్కనే కూర్చుని నిమ్మకాయ నీళ్ళు తాగి, "ఇలా ఉండాలండీ. మిగతావాళ్ళు మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి," అని పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

కారు దగ్గర చిన్న డాక్టర్ ఆయన్ని పట్టుకుంది. ఫిట్స్ మనిషి సంగతి గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"మీ పెద్దాయన మందులేమైనా రాశాడా?" అన్నాడు అధికారి.

"లేదండీ, ఆపుతున్నాడు."

"రాస్తే చెప్పండమ్మా, ఆ నిమిషానే వస్తాను. చట్టంలో ఉన్నది రాయడం గురించి. ఆపడం గురించి లేదు."

"అంటే ఆపమనడానికి లైసెన్సు అక్కర్లేదా?"

"చదువుకున్నవాళ్ళు, మీకు నేను చెప్పాలా? చట్టంలో లేనిదాన్ని ఏమని పట్టుకోను?" అంటూ ఆయన తలుపు వేసుకున్నాడు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు. ఆ అమ్మకి అచ్చంగా సరిపోయే చట్టం ఇది. కారు లేపిన దుమ్ములో నిలబడి చిన్న డాక్టర్ ఆ మాట పైకే అనేసింది. గేటు దగ్గర కాపలావాడు తప్ప వినడానికి ఎవరూ లేరు.

"ఇప్పుడే బయల్దేరి మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోండి," అంది మేస్త్రి భార్యతో.

"ఆయన ఊళ్ళో లేరండీ. వచ్చే వారం గానీ రారు. చీటీ చూపించకపోతే షాపువాళ్ళు మాత్ర ఇవ్వరు. చీటీ ఆ సంచిలోనే ఉంది."

"పోనీ పెద్దాసుపత్రికి పదండి."

"నడుం ఇప్పుడిప్పుడే మాట వింటోంది డాక్టరమ్మా," అన్నాడు మేస్త్రి పక్కమీంచి. ఉపవాసంతో మొహం పీక్కుపోయినా గొంతు తగ్గలేదు. "నాలుగు రోజుల్లో ఏమవుతుంది? ఏళ్ళ నుంచి రానిది ఇప్పుడే వస్తుందా?"

"అదే వస్తుంది," అంది చిన్న డాక్టర్. ఆయన నవ్వేసి గోడవైపు తిరిగాడు.

చిన్న డాక్టర్ ఉండేది బాబాయి ఇంట్లో. బాబాయికి రెండు వీధుల అవతల మందుల షాపు ఉంది. ఒకరు మట్టి, ఒకరు మాత్ర అని ఇంట్లో పిన్ని ఇద్దర్నీ కలిపి ఎగతాళి చేస్తుంటుంది. సాయంత్రం చిన్న డాక్టర్ మేస్త్రి భార్యని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళి, తెల్లకాగితం మీద ఆవిడ చెప్పిన మాత్ర పేరు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని రాసి, సంతకం పెట్టి, కింద తన రిజిస్ట్రేషన్ నంబరు కూడా వేసింది. చదవడానికి బాబాయి కళ్ళజోడు పెట్టుకున్నాడు. చదివాక తీసేశాడు.

"ఈ చీటీ మీద నేను మందు ఇవ్వకూడదు. తెలుసా?"

"తెలుసు."

"మట్టి రాయడానికి నీకు లైసెన్సుంది. మందు రాయడానికి లేదు. రెండూ రాయడమే కదా అని నీకనిపిస్తుందేమో, సర్కారుకి అనిపించదు. ఆవిణ్ణి ఓ పెద్ద డాక్టర్ దగ్గరికి పొమ్మను."

"ఆయన కదలనంటున్నాడు బాబాయ్. ఈలోగా ఫిట్స్ వస్తే?"

బాబాయి చీటీ బల్ల మీద పెట్టాడు. నిచ్చెన ఎక్కి పై అరలోంచి డబ్బా తీశాడు. కత్తెరతో రేకు కత్తిరించాడు.

"మా అన్నయ్య నిన్ను డాక్టర్ చదివిస్తున్నానని ఊరంతా చెప్పుకున్నాడు," అన్నాడు మాత్రలు కవర్లో వేస్తూ. "సగం డాక్టరని ముందే చెప్పుంటే, ఆ మిగతా సగం నేనే చదివించేవాణ్ణి. ఇదిగో తల్లీ, ఈ చీటీ మీ దగ్గరే ఉంచుకోండి," అని మేస్త్రి భార్యకిచ్చాడు.

ఆవిడ ఆ రాత్రి భర్తని బతిమాలి ఓ మాత్ర మింగించింది.

పొద్దున తొట్టి స్నానం. చిన్న డాక్టర్ మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసింది. నడుం మునిగేదాకా నీళ్ళుండాలి, పాదాలు బయట ఉండాలి. మేస్త్రి తొట్టి అంచు పట్టుకుని దిగి కూర్చున్నాడు.

"మా కంపెనీలో గేర్లు ఇలాగే నూనె తొట్లో వేస్తాం డాక్టరమ్మా. నన్ను కూడా తీసి తుడిచి మళ్ళీ..."

మాట అక్కడ తెగింది. మెడ ఒక పక్కకి తిరిగిపోయింది. గొంతులోంచి మనిషిది కాని కేక ఒకటి వచ్చి, ఒళ్ళంతా కొయ్యబారి, తర్వాత కొట్టుకోవడం మొదలైంది. కుడి భుజం సిమెంటు అంచుకి తగిలిన చప్పుడు వినిపించింది. చిన్న డాక్టర్ తొట్లోకి దూకి ఆయన తల నీళ్ళకి పైన పట్టుకుంది. "కాళ్ళు పట్టండి, కాళ్ళు!" అని అరిచింది. ఇద్దరు మర్దనవాళ్ళు వచ్చి లాగారు. నేల మీద పక్కకి ఒత్తిగిల్లబెట్టి, తల కింద తువ్వాలు పెట్టింది. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకి అతుక్కుపోయింది.

పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరూ భయపడకండి," అన్నాడు మెత్తగా. "విషం బయటికొస్తోంది."

"నోరు ముయ్యండి!" అంది చిన్న డాక్టర్. ఆ గదిలో ఆయనతో ఎవరూ ఎప్పుడూ అనని మాట అది. అన్నందుకు ఆమె అప్పుడూ బాధపడలేదు, తర్వాతా బాధపడలేదు.

ఫిట్ ఆగింది. మనిషికి తెలివి రాకముందే ఇంకోటి వచ్చింది. అంబులెన్స్ ముందు గేటుకొస్తే రోగులు హడలిపోతారని, వెనక గేటుకి రమ్మందామని మేనేజర్ గొణుగుతున్నాడు. ఆమె అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని ముందు గేటుకే పిలిచింది.

పెద్దాసుపత్రిలో క్యాజువాల్టీ డాక్టర్ కుర్రాడు. చురుకైనవాడు. సూది మందిచ్చి ఫిట్స్ ఆపాడు, కీలు తప్పిన భుజానికి కట్టు వేయించాడు. ప్రాణం దక్కింది. తర్వాత చెమట తుడుచుకుని, "ఏం మందులు వాడుతున్నాడు?" అని అడిగాడు. మేస్త్రి భార్య దగ్గర ఉన్నది ఒకటే కాగితం. అదే ఇచ్చింది.

"ఇది రాసింది ప్రకృతి డాక్టరా?" అతని మొహం మారిపోయింది. "ఫిట్స్ మందు రాయడానికి మీరెవరండీ?"

"ఆ మందు ఆయన ఏళ్ళ నుంచీ వాడుతున్నదే. అక్కడ ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టకపోతే ఇలా అవుతుందనే రాశాను."

"ఎవరు ఆపారు?"

"పెద్దాయన."

"ఆపమని రాసిచ్చాడా?"

"లేదు."

"మీరు మాత్రం రాశారు." అతను చీటీకి ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. "మీలాంటివాళ్ళ వల్లే నాకిక్కడ నిద్రలుండవు."

చెడ్డవాడు కాడు. ఇలాంటి కేసులు చూసి చూసి ఒళ్ళు మండినవాడే. ఆ మంటంతా చేతికందిన కాగితం మీద చూపించాడు. చేతికందని పెద్దాయన మర్నాటి పొద్దుటి ఉపన్యాసంలో కళ్ళు మూసుకుని, "విశ్రాంతిలో హాయిగా ఉన్న మనిషి. ఎవరో ఓ మాత్ర మింగించారు. పూట గడవలేదు. నేనేమీ అనను," అన్నాడట. ఏమీ అనకుండానే మనిషి పీక కోయడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

రెండు రోజుల్లో విచారణకి పిలుపొచ్చింది. బాబాయి షాపుకి కూడా నోటీసు అంటించారు. పిన్ని ఆ పూట ఎవరినీ ఎగతాళి చెయ్యలేదు.

బల్ల అవతల తనిఖీ అధికారి, ఆయనకి చెరో పక్కా ఇద్దరు పెద్దమనుషులు. ఇవతల చిన్న డాక్టర్. వెనక బెంచీ మీద మేస్త్రి భార్య.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"ఈ మందు రాసే అర్హత మీకుందా?"

"లేదు."

అధికారి గొంతు కాస్త మెత్తబడింది. "చిన్న వయసు. పొరపాటైందని రాసివ్వండమ్మా, హెచ్చరించి వదిలేస్తాం."

చిన్న డాక్టర్ కలం తీసుకుంది. రాసిచ్చేస్తే పోయేది. బాబాయి షాపు కూడా బయటపడేది. కానీ ఏది పొరపాటని రాయాలి? ఆమెకి అర్థం కాలేదు. అర్థం కానిది రాయడం చేతకాక కలం కింద పెట్టేసింది.

"అయ్యా," అంది వెనకనుంచి మేస్త్రి భార్య. ఆవిడ లేచి నిలబడింది. "వేసుకోమన్నావిణ్ణి ఇన్ని అడుగుతున్నారు. మానిపించినాయన్ని ఏమీ అడగరా? మా ఆయన్ని కంపెనీవాళ్ళు ఇంక మిషన్ దగ్గరికి రావద్దన్నారు. గోదాములో మూటలు చూసుకోమన్నారు. ఇనుముని వెంట్రుకంత సన్నంగా చెక్కే చెయ్యండీ అది."

"మానమన్నట్టు ఏదైనా కాగితముందా అమ్మా?"

"లేదు."

"ఆయన మా రిజిస్టర్లోనే లేడు. ఉన్నవాళ్ళనే మేం అడగగలం."

"అంటే చదువుకుని మీ దగ్గర పేరు రాయించుకోవడమే ఈ పిల్ల చేసిన తప్పా?"

బల్ల అవతల ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. ఆరు నెలల పాటు చిన్న డాక్టర్ రిజిస్ట్రేషన్ నిలిపివేస్తున్నట్టు అధికారి చదివి వినిపించాడు.

"ఈ ఆరు నెలలూ మీరు డాక్టర్ కారు. డాక్టరునని చెప్పుకోకూడదు, వైద్యం చెయ్యకూడదు. అందరిలాగే మామూలు మనిషి."

"మామూలు మనిషి మాట్లాడొచ్చా?" అంది చిన్న డాక్టర్.

అధికారికి విసుగొచ్చింది. "మామూలు మనుషులు ఏం మాట్లాడుకుంటే మాకెందుకమ్మా?"

మెట్లు దిగుతుంటే ఆమెకి ముందు ఏడుపొచ్చింది. వీధిలోకి వచ్చేసరికి ఏడుపు పోయి కోపం ఒక్కటే మిగిలింది. రేపు పొద్దున చికిత్సాలయానికి వెళ్ళి మా ఆయన సంచి తెచ్చుకోవాలి అంది మేస్త్రి భార్య. నేనూ వస్తానంది చిన్న డాక్టర్.

పొద్దుటి ఉపన్యాసానికి హాలు నిండిపోయింది. ఇద్దరూ వెనక వరసలో కూర్చున్నారు. మేనేజర్ చూశాడు గానీ, ఇంతమందిలో లేపడానికి మొహమాటపడ్డాడు. పెద్దాయన నవ్వుతూ ఆహారం గురించి చెప్పాడు, నిద్ర గురించి చెప్పాడు, విషం దగ్గరికి వచ్చాడు. "నేను మాత్రలు ఆపమనను. మీ ఇష్టం," అన్నాడు. జనం నవ్వారు.

నవ్వు ఆగాక చిన్న డాక్టర్ లేచింది.

"నిజమే. రెండేళ్ళు ఇక్కడ పనిచేశాను. పెద్దాయన ఆపమని ఒక్కసారి కూడా అనలేదు. మీ ఇష్టం అన్నారు. మీ సంచులు మేనేజర్ గారి బీరువాలో ఉన్నాయి. ఇష్టమైనవాళ్ళు అడిగి తీసుకోవచ్చు. ఫిట్స్‌కీ, గుండెకీ, సుగరుకీ వాడే మాత్రలు ఉన్నట్టుండి మానకూడదు. ఎలా వాడాలో, ఎప్పుడు తగ్గించాలో వాటిని రాసిన డాక్టర్నే అడగండి. నన్నొద్దు, ఈయన్నీ వద్దు. మొన్న తొట్లో పడిపోయినాయన భార్య ఇదిగో, ఇక్కడే ఉంది. అడగండి."

"చెప్పడానికి నువ్వెవరు?" మేనేజర్ గొంతు చీలింది. "నీ లైసెన్సు పీకేశారు!"

"ఎవర్నీ కాను. అధికారిగారు కాగితం కూడా ఇచ్చారు, మామూలు మనిషినని. మామూలు మనిషి మాట మందు రాసినట్టు కాదు. మీ బోర్డు నాకు వర్తించదు."

హాల్లో గుసగుసలు లేచాయి. రెండో వరసలో కాళ్ళు వాచిన ఓ ముసలావిడ ముందు కుర్చీ పట్టుకుని, ఆయాసపడుతూ లేచి నిలబడింది.

"నా గుండె మాత్రలు ఇయ్యి నాయనా."

మేనేజర్ పెద్దాయన వైపు చూశాడు. అందరూ చూశారు. ముందు వరసలో ఒకతను ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. పెద్దాయన నోరు తెరిచాడు. ఇవ్వొద్దంటే ఇంతమంది ముందు, నోరారా, మందు ఆపినవాడవుతాడు. ఇవ్వమంటే తన బోర్డు లెక్క ప్రకారం మందు ఇచ్చినవాడవుతాడు. ఆయనకి వచ్చిన మూడో మాట ఒకటే.

"మీ ఇష్టం," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

"నా ఇష్టమే అడుగుతున్నా," అంది ముసలావిడ. "తియ్యి."

మేనేజర్ తాళంచెవి కోసం జేబులు తడుముకుంటుంటే, హాలంతా కుర్చీలు జరిపిన చప్పుడు మొదలైంది.